పెట్రోలు పద్దు: ధర అదుపులో లేదు, వాడకం వున్నది

పటాన్‌చెరు: సరకు ధరలో బేరమాడవచ్చును, లారీ కిరాయిలో బేరమాడవచ్చును. పెట్రోలు బంకు వద్ద మాత్రం బేరం లేదు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు సరఫరా బిగించిన కొద్ది మాసాలకే పీపా ముడిచమురు ధర సుమారు 3 డాలర్ల నుండి 12 డాలర్ల సమీపానికి చేరినది. మన దేశంలో 2010 జూనులో పెట్రోలు ధరపైన, 2014 అక్టోబరులో డీజిలు ధరపైన ప్రభుత్వ నియంత్రణ తొలగినది. 2017 జూన్ 16 నుండి రోజువారీ సవరణ పద్ధతి వచ్చినది. కనుక వర్తకుని చేతిలో మిగిలినది వాడకమే.

పటాన్‌చెరు నుండి బేగంబజారుకు రానూపోనూ 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే 1500 కిలోమీటర్లు అవుతుంది. కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 100 లీటర్లు, 12 మాత్రమే ఇస్తే 125 లీటర్లు కావాలి. లెక్క సులువు కోసం లీటరు రూ. 100 అనుకున్నా, నెలకు రూ. 2,500, ఏడాదికి రూ. 30,000 తేడా. నూటికి రూపాయి దలాలీపై ఈ సొమ్ము రావాలంటే రూ. 30 లక్షల సరకు బేరం కుదర్చవలసి వుంటుంది.

ఈ తేడాలో పెద్ద భాగం డ్రైవరు పాదం వద్దనే వున్నది. మియాపూర్ దారిలో సిగ్నల్ నుండి సిగ్నల్‌కు ఉరికించి, బ్రేకు నొక్కి ఆపడం కొనుగోలు చేసిన సరకును పారబోయడమే. ముందు వాహనాల కదలికను గమనించి, యాక్సిలరేటరు ముందుగానే వదలాలి. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ గంటకు 45-55 కిలోమీటర్ల వేగం లాభసాటి అని చెబుతూ వచ్చినది. ముత్తంగి వద్ద ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినవారు అంత నెమ్మదిగా పోలేరు. అయితే వేగం 80 నుండి 100కు పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుందని గుర్తుంచుకోవాలి.

పల్లంలో న్యూట్రల్ వేస్తే ఆదా అన్నది కార్బురేటరు కాలంనాటి మాట. నేటి ఇంజెక్షను ఇంజన్లలో గేరు వుంచి యాక్సిలరేటరు వదిలితే ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజను నిలిచిపోకుండా కొంత కాలుతూనే వుంటుంది, బండిపై అదుపు కూడా తగ్గుతుంది. గోదాము ముందు సరకు దిగేవరకు ఇంజను నడుస్తూ వుంచడం కూడా నష్టమే. తిరిగి స్టార్టు చేయడానికి పట్టే పెట్రోలు కొద్ది సెకన్ల ఖర్చు మాత్రమే.

నిర్వహణలో మొదటిది టైర్ల గాలి. డ్రైవరు వైపు తలుపు వద్ద చీటీపై రాసిన ప్రకారం, టైర్లు చల్లగా వున్నప్పుడు పక్షానికొకసారి చూపించాలి. గాలి తగ్గితే పెట్రోలు పెరుగుతుంది, టైరు అంచులు అరుగుతాయి. కంపెనీ చెప్పిన గ్రేడు ఇంజన్ ఆయిలే వాడాలి. చక్రం చేతితో తిప్పితే బిగువుగా వున్నచో బ్రేకు పట్టుకున్నదేమో మెకానిక్‌కు చూపించాలి. డిక్కీలో శాంపిల్ బస్తాలు, పైన ఖాళీ క్యారియరు మోసుకు తిరగడం వృథా. మురికి ఎయిర్ ఫిల్టరు పాత కార్బురేటరు బండ్లలో పెట్రోలు తాగేది. నేటి పెట్రోలు బండ్లలో ముఖ్యంగా పికప్ తగ్గిస్తుంది.

బేగంబజారుకు ఒంటరిగా పోయేవారికి మరో మార్గం వున్నది. కారు మియాపూర్‌లో వుంచి, అక్కడి నుండి 2017 నవంబరు నుండి నడుస్తున్న మెట్రోలో గాంధీభవన్ లేక ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగవచ్చును.

ఇవన్నీ ఫలించినదీ లేనిదీ పద్దే చెప్పాలి. ట్యాంకు నిండుగా పోయించి మీటరు అంకె రాసుకోవాలి. మరల నిండుగా పోయించినప్పుడు నడిచిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించాలి. మూడు నెలలు ఇట్లు రాసిన వర్తకునికి బండి ఏ నెలలో తేడా చేసినదీ చిట్టాలోనే కనిపిస్తుంది.