రెండో గొడుగు

పారాచూట్ అంటే గాలిలో దిగే గొడుగు అని మనందరికీ తెలుసు. కానీ అది తెరుచుకోకపోతే ఏంగాను? అందుకని దూకేవాళ్ళ దగ్గర ఇంకొకటి ఉంటుంది. దాన్ని రిజర్వు పారాచూట్ అంటారు. ఈసారి మన గోడ పత్రికలో నేను ఆ రెండోదాని గురించి రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇల్లు చిలకలపూడి అవతల మురుగు కాలవ గట్టు మీద. నాన్న చేపలు పడతాడు. పోయిన వానాకాలం నీళ్ళు వడిగా ఉన్నప్పుడు పడవ కట్టిన తాడు తెగిపోయింది. పడవ ఎటో కొట్టుకుపోయింది. అందులో నాన్న ఉన్నాడు. బాగా చీకటి పడ్డాక గాని ఇంటికి రాలేదు. అమ్మ అన్నం వండకుండా గట్టు మీదే కూర్చుంది.

తెల్లారి నాన్న రెండో తాడు తెచ్చాడు. అది పొట్టిది, లావుది. ఒక్క లాగుకే విడిపోయేట్టు చుట్టి పడవ ముందు భాగంలో విడిగా పెట్టాడు. "మొదటిదాని లాగా పొడుగుది తేవచ్చుగా నాన్నా" అన్నాను. "ఇది రోజూ వాడేది కాదమ్మా. ఆ ఒక్క నిమిషంలో చేతికి అందాలి, చిక్కు పడకూడదు. అంతే" అన్నాడు.

సైన్సు మేడమ్ గారు రిజర్వు పారాచూట్ గురించి చెప్పినప్పుడు నాకు ఆ తాడే గుర్తొచ్చింది. రెండోది మొదటిదానికి నకలు కాదు. దాని పని వేరు కాబట్టి తయారీ కూడా వేరు.

తెరుచుకోవడం ఎలా?

నాన్న విసురు వల వేసేటప్పుడు చూశారా? భుజం మీద, చేతి మీద మడతలు సరిగ్గా వేసుకుంటేనే వల గుండ్రంగా విచ్చుకుంటుంది. మడత తప్పితే ముద్దగా పడుతుంది. పారాచూట్ కూడా అంతే. మొదట ఒక చిన్న గొడుగు బయటికొచ్చి గాలి పట్టుకుని పెద్దదాన్ని సంచిలోంచి లాగుతుంది. తాళ్ళు సాగుతాయి. కింద మూతిలోంచి గాలి దూరి పైకొసను నింపుతుంది. ఆ తర్వాత గుడ్డంతా ఉబ్బుతుంది.

చాలా నెమ్మదిగా తెరుచుకుంటే నేల వచ్చేస్తుంది. మరీ వేగంగా తెరుచుకుంటే పెద్ద కుదుపు వచ్చి గుడ్డ చిరగవచ్చు, మనిషికి దెబ్బ తగలవచ్చు. రిజర్వుకి ఇదే కష్టం. మొదటిది అసలు తెరుచుకోకపోతే మనిషి చాలా వేగంగా పడుతుంటాడు. సగం తెరుచుకుని చిక్కుపడితే దాన్ని వదిలించుకుంటాడు, అప్పుడు వేగం తక్కువ, నేల దగ్గర. రెండు సందర్భాల్లోనూ రిజర్వు తెరుచుకోవాలి.

అందుకే ఆటకోసం దూకేవాళ్ళ రిజర్వులో చిన్న గొడుగుకి స్ప్రింగు పెడతారు. పిడి లాగగానే అది ఎగిరి బయటపడుతుంది. వాళ్ళ పారాచూట్ గుండ్రంగా ఉండదు, బొంతలాగా రెండు పొరలు, మధ్యలో గదులు ఉంటాయి. గదుల్లో గాలి నిండితే అది రెక్క అవుతుంది. మొదటిదానికి చాలాసార్లు తొమ్మిది గదులు ఉంటాయి, అది సాగి దూరం పోతుంది. రిజర్వుకి మామూలుగా ఏడు గదులే. వెడల్పు తక్కువ. అంత దూరం పోదు, అన్ని విన్యాసాలు చేయదు. కానీ తిన్నగా తెరుచుకుంటుంది, తాళ్ళు మెలిపడినా గిర్రున తిరిగిపోకుండా నిలబడే గుణం ఎక్కువ. మరీ కుదుపు రాకుండా తాళ్ళ మీద నాలుగు వలయాలున్న ఒక గుడ్డముక్క మెల్లగా కిందికి జారుతుంది. అది జారినకొద్దీ రెక్క విచ్చుకుంటుంది.

ఊగడం ఎందుకు?

1797 అక్టోబరు 22న పారిస్‌లో గార్నెరిన్ అనే ఆయన బెలూన్ నుంచి పారాచూట్‌తో దిగాడు. దాని పైన రంధ్రం లేదు. దిగినంతసేపూ ఉయ్యాల ఊగినట్టు ఊగిపోయాడు.

కారణం ఏమిటంటే, గొడుగులో పట్టుబడిన గాలి ఎక్కడో ఒకచోట బయటికి పోవాలి. పైన దారి లేకపోతే ఒక అంచు కింద నుంచి పొర్లుతుంది. గొడుగు పక్కకి ఒరుగుతుంది. మళ్ళీ రెండో అంచు నుంచి పొర్లుతుంది. ఇటు ఒరుగుతుంది. కింద వేలాడే మనిషి గంట నాలుకలాగా ఊగుతాడు. ఊగుతూ నేలకి తగిలితే కాళ్ళు విరుగుతాయి. పైన నడుమ రంధ్రం పెడితే కొంత గాలి తిన్నగా పోతుంది, ఊపు తగ్గుతుంది.

నాకు ఇది మొదట నమ్మబుద్ధి కాలేదు. చిల్లు పడిన గొడుగు మంచిదా? అప్పుడు కాలవ గుర్తొచ్చింది. తువ్వాలు నీళ్ళలో పడేస్తే అటూ ఇటూ ఊగుతూ మునుగుతుంది. వల తిన్నగా మునుగుతుంది, కన్నాల్లోంచి నీళ్ళు పోతాయి కాబట్టి.

మేం చేసి చూసింది

నేను, నా స్నేహితురాళ్ళు ఇద్దరు మూడు ప్లాస్టిక్ కవర్లు గుండ్రంగా కత్తిరించి, ఎనిమిదేసి దారాలు కట్టి, ఒకే బరువు రాళ్ళు వేలాడదీశాం. మేడ మీద వరండా నుంచి వదిలాం.

1. రంధ్రం లేనిది: నెమ్మదిగానే దిగింది కానీ బాగా ఊగింది. ఒకసారి గోడకి కొట్టుకుంది.
2. రూపాయి బిళ్ళంత రంధ్రం ఉన్నది: కొంచెం వేగంగా దిగింది. ఊగలేదు.
3. పిడికిలంత రంధ్రం ఉన్నది: సరిగ్గా తెరుచుకోనే లేదు. రాయి పడ్డట్టు పడింది.

దీన్నిబట్టి మాకు తెలిసింది, గాలిని ఆపడమే కాదు, కొంత వదలడం కూడా కావాలి. ఎక్కువ వదిలితే గొడుగే తెరుచుకోదు. మీరు కూడా చేసి చూడండి. వార్డెన్ గారిని అడిగి చేయండి.

శ్రీహరికోటలో

మన రాష్ట్రంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం రాకముందు మా యానాదులు ఉండేవాళ్ళు. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. 2025 ఆగస్టు 24న అక్కడ ఒక చినూక్ హెలికాప్టర్ దాదాపు 4.8 టన్నుల బరువున్న డొల్ల గదిని సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలింది. మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం ఆ పరీక్ష.

ఆ గదిని దించడానికి మొత్తం పది పారాచూట్లు. రెండు మూత తీయడానికి, రెండు వేగం తగ్గించి గదిని తిన్నగా నిలపడానికి, మూడు చిన్నవి పెద్దవాటిని లాగడానికి, మూడు పెద్దవి. వేగం తగ్గించే రెండూ నిండు గుడ్డ కాదు, పట్టీ పట్టీకి సందు ఉండేట్టు కుట్టినవి. సందుల్లోంచి గాలి పోతుంది కాబట్టి అంత వేగంలోనూ చిరగవు, ఊగవు. పెద్దది ఒక్కొక్కటి 25 మీటర్ల వెడల్పు. గుడ్డసంచి మూతికి బొందు కట్టినట్టు దాని మూతికి తాడు ఉంటుంది. ముందు సగమే తెరుచుకుంటుంది, తర్వాత తాడు కోసే పరికరం తాడు కోస్తుంది, అప్పుడు పూర్తిగా తెరుచుకుంటుంది. అలా కుదుపు తగ్గుతుంది.

ఇక్కడ రిజర్వు పద్ధతి వేరు. మూడు పెద్దవాటిలో రెండు చాలు. మూడోది ఒకటి పోతే ఉండాలని. 2022 నవంబరు 18న ఝాన్సీ దగ్గర బబీనాలో ఒకటి పనిచేయలేదు అనుకుని రెండింటితోనే 5 టన్నుల బరువు దించి చూశారు. 2025 నవంబరు 3న ఇంకా కష్టమైనది, రెండింటిలో ఒకటి ఆలస్యంగా పూర్తిగా తెరుచుకుంటే ఏమవుతుందో చూశారు. ఒక పక్కే ఎక్కువ లాగితే గది ఒరుగుతుంది, బరువంతా ఒకదాని మీద పడుతుంది.

మా నాయనమ్మకి ఇదంతా చెప్పాను. "మంచి గొడుగుతో దించి చూస్తే సరిపోద్ది గదా, చెడిపోయినట్టు చేసి చూడటమెందుకే" అంది. నాన్న పక్కనుంచి, "చెడినప్పుడు ఏం జరుగుద్దో ముందే చూసుకోవాల" అన్నాడు.

మడత పెట్టేవాళ్ళు

రిజర్వు గొడుగు ఏళ్ళ తరబడి వాడకుండా ఉండవచ్చు. అయినా దాన్ని నేర్చుకున్నవాళ్ళే కొన్ని నెలలకి ఒకసారి విప్పి, గుడ్డ, తాళ్ళు చూసి, మళ్ళీ మడత పెడతారు. మా అమ్మ గిల్టు నగల పనికి పోతుంది. గొలుసుకి కొక్కెం బిగించాక ప్రతిదాన్నీ ఒకసారి లాగి చూస్తుంది. ఎవరి మెడలో వేసుకుంటారో అమ్మకి తెలియదు. పారాచూట్ మడిచేవాళ్ళకి కూడా దాంతో దూకేది ఎవరో చాలాసార్లు తెలియదు.

దసరా సెలవులకి ఇంటికి పోయినప్పుడు పడవ ముందు భాగం చూశాను. లావు తాడు అక్కడే ఉంది. ఇంతవరకు వాడలేదు. విప్పి ఎండలో ఆరబెట్టి, నాన్న చుట్టినట్టే మళ్ళీ చుట్టి పెట్టాను. లాగి చూశాను. ఒక్క లాగుకే విడిపోయింది.

— 9వ తరగతి విద్యార్థిని