నీలి ఐరిస్‌లు రెండు... జాగ్రత్త మాత్రం ఒకటే!

అమెరికా, కెనడాల తూర్పు భాగాన చెరువుగట్లూ బురదనేలలూ వేసవి వచ్చేసరికి నీలిపూలతో కళకళలాడిపోతాయి. మన అమ్మాయిలు అక్కడినుంచి పంపే ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు. చూడ్డానికి ఒకటే పువ్వు. కానీ అందులో రెండు జాతులున్నాయి. ఉత్తరాన చలిప్రాంతాల్లో ఎక్కువగా ఉండేది ఐరిస్ వెర్సికలర్. దక్షిణపు తీరాల నుంచి మిసిసిపీ లోయ వెంట పైకి పాకినది ఐరిస్ వర్జీనికా.

ఈ రెండింటికీ చుట్టరికం ఏమిటో తెలుసా? వర్జీనికా కన్నవాళ్లలో ఒకరు, వెర్సికలర్ బిడ్డ! ఐరిస్ సెటోసా అనే మూడో జాతితో వర్జీనికా కలిసి వెర్సికలర్ పుట్టిందని ఎడ్గార్ ఆండర్సన్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు 1936లో తేల్చాడు. సెటోసాకి క్రోమోజోములు 38, వర్జీనికాకి సుమారు 70, వెర్సికలర్‌కి 108. కూడి చూడండి, లెక్క సరిపోతుంది! ఆయన కొలిచిన 150 పూల లెక్కలతోనే అదే ఏడాది ఇంగ్లండులో ఫిషర్ రాసిన వ్యాసాన్ని గణాంకశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ వల్లె వేస్తుంటారు. మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది ఈ ఫిషర్‌ దగ్గరే.

మరి పోల్చుకోవడం ఎలాగంటారా? పువ్వులో నిలబడి ఉండే లోపలి రేకులు చూడండి. ఆ కొలతల్లో వర్జీనికా రేకు సగటున ఐదున్నర సెంటీమీటర్లు, వెర్సికలర్‌ది నాలుగుంపావు. కిందికి వాలిన రేకు మొదట్లో వర్జీనికాకి పసుపు పూసినట్టు మచ్చ, దానిమీద సన్నటి నూగు ఉంటాయి. వెర్సికలర్‌ మచ్చ ఆకుపచ్చ కలిసిన పసుపు, నూగు కనబడదు. పూలు రాలిపోయాక వచ్చారా? అయినా ఫరవాలేదు, కాయ విప్పి గింజలు చూడండి. వెర్సికలర్ గింజ నున్నగా మెరుస్తుంది. వర్జీనికా గింజ బెండులా మొరటుగా ఉంటుంది. నన్నడిగితే రంగుని నమ్ముకోవడం కంటే గింజని నమ్ముకోవడమే మేలు. రంగు మొక్క మొక్కకీ మారిపోతుంది.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు. కత్తుల్లాంటి ఆ ఆకులూ, బురదలో అడ్డంగా పాకే ఆ దుంపా అచ్చం మన వసకొమ్ము మొక్కలాగే ఉంటాయి. పైగా అక్కడి వస జాతి కూడా ఆ బురదల్లోనే పెరుగుతుంది. మనవడికి త్వరగా మాటలు రావాలని ముచ్చటపడి ఏ అమ్మమ్మగారో తవ్వి తెచ్చారనుకోండి, కొంప మునిగినట్టే! రెండు ఐరిస్‌ల దుంపలూ విషమే. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. రసం తగిలితే కొందరికి చర్మం మండుతుంది కూడా. ఆకు నలిపి వాసన చూస్తే తేడా తెలిసిపోతుంది: వస ఘుమఘుమలాడుతుంది, ఐరిస్‌కి ఆ వాసన ఉండదు. అయితే తవ్వేటప్పుడు రెండింటి దుంపలూ కలగలిసిపోయి ఉండొచ్చు. పోనీ అది నిజం వసే అయినా, ఆహారంలో కలపకూడదని అమెరికా ప్రభుత్వం 1968లోనే నిషేధించింది. పసివాళ్ల నాలుకకి రాసేముందు పిల్లల డాక్టరుని అడగండి.

పెరట్లో అందానికి పెంచుకుంటే మాత్రం ఏ బెంగా లేదు. కుదుళ్లు విడదీసేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోండి, తీసిన దుంపలు పిల్లలకి అందేచోట పడేయకండి.