మిరప ఘాటనుకుంటే లోపల నీటికాసులు

గుంటూరు: మిరప కోతలు మొదలైతే చాలు, గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఎర్రబడని కన్ను కనబడదు. కల్లాల్లో కాయ ఎండబోసేవారికి, తొడిమలు తీసే ఆడకూలీలకు, యార్డులో టిక్కీలు మోసే హమాలీలకు కళ్లు మండటం రోజూ ఉండేదే. ‘ఘాటేలే, అదే తగ్గుతుంది’ అనుకుని నాలుగు నీళ్లు చల్లుకుని పనిలో పడతారు. చాలామందికి తగ్గుతుంది కూడా. తగ్గని ఆ కొద్దిమందికే వస్తుంది ముప్పు.

దుమ్ము మంట సాధారణంగా రెండు కళ్లకూ ఉంటుంది, కడుక్కుంటే సర్దుకుంటుంది. అలా కాక ఒక్క కన్నే ఎర్రబడి, నల్లగుడ్డు చుట్టూ ఎరుపు వలయం కట్టి, లోపల సలుపు పెడుతూ, వెలుతురు చూడలేకుండా ఉండి, చూపు మసకబారితే అది కంటి లోపలి పొరల వాపు కావచ్చు. డాక్టర్లు దీన్ని యువైటిస్ అంటారు. దీనికి మిరప దుమ్ము కారణం కాదు. క్షయ, కొన్ని కీళ్ల జబ్బులు, హెర్పిస్ వైరస్ వంటివి వెనుక ఉండవచ్చు. కారణం దొరకని సందర్భాలూ ఎక్కువే. అందుకే కన్ను చూపించుకోబోతే డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నా, పొద్దున్నే నడుము పట్టేస్తుందా అని అడిగినా విసుక్కోనక్కర్లేదు.

కంట్లో నీరు ఎప్పుడూ ఊరుతూ, సన్నని జల్లెడ వంటి దారి గుండా బయటికి పోతూ ఉంటుంది. రెంటికీ లెక్క సరిపోయినంత కాలం ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య నిలుస్తుంది. వాపు వచ్చినప్పుడు రాలిన కణాలు, మాంసకృత్తులు ఆ జల్లెడలో పేరుకుంటాయి. సాగర్ కాలువ తూముకు గుర్రపుడెక్క అడ్డం పడినట్టే. కొందరిలో కనుపాప అంచు వెనుకనున్న కటకానికి అతుక్కుపోయి నీటికి దారే మూసుకుపోతుంది. పెరిగిన ఒత్తిడి చూపు నరాన్ని నలిపేస్తుంది. ఇదే నీటికాసులు. యువైటిస్ వచ్చిన వారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ ముప్పు ఉంటుందని అంచనా. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు వస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు పోయినట్టే.

ఇక అసలు చిక్కు మందులో ఉంది. లోపలి వాపును అణచేది స్టీరాయిడ్ చుక్కలు. ఒత్తిడిని పెంచేవీ అవే. వారాల తరబడి వాడితే దాదాపు ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత ఒత్తిడి పెరుగుతుంది. నిరుడు రాసిచ్చిన చీటీ పట్టుకుని మందుల షాపులో అదే సీసా మళ్లీ మళ్లీ కొనేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? ఎరుపు పోతుంది, నొప్పి ఉండదు, కన్ను తెల్లగా కనిపిస్తుంది. లోపల నరం మాత్రం నలుగుతూనే ఉంటుంది. పత్తి చేలో పుల్ల గీరుకుని నల్లగుడ్డు మీద బూజు పుండు పడినప్పుడు ఈ చుక్కలు వేస్తే అది మరీ ప్రమాదం.

అలాగని భయపడి చుక్కలు ఒక్కసారిగా మానేయకూడదు. వాపు తిరగబెట్టి జల్లెడ మళ్లీ పూడుతుంది. మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరు ప్రతిసారీ ఒత్తిడి కొలిచి చెప్పాలి. కనుపాప అతుక్కుపోకుండా దాన్ని విప్పార్చే అట్రోపిన్ వంటి చుక్కలు వేస్తారు. ఒత్తిడికి టిమొలాల్, డోర్జొలమైడ్, బ్రైమోనిడిన్ వంటివి ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, టిమొలాల్ వారికి పడదు. అత్యవసరమైతే అసిటజోలమైడ్ మాత్రలు ఇస్తారు. వాటితో వేళ్లు తిమ్మిరెక్కవచ్చు. ఒకప్పుడు నీటికాసులకు విరివిగా వాడిన పైలోకార్పిన్ కనుపాపను బిగించేది కాబట్టి వాపున్న కంటికి పనికిరాదు.

దారి పూర్తిగా మూసుకుంటే లేజర్‌తో కనుపాప తెరలో సన్నని రంధ్రం చేస్తారు. మందులకు లొంగకపోతే ఆపరేషన్. అదీ వీలైతే వాపు కొన్ని నెలలు సద్దుమణిగాకే. కొందరికి నీటిని బయటికి పంపే సన్నని గొట్టం అమరుస్తారు. మదురైలోని ఆరోల్యాబ్ తయారుచేసిన గొట్టం వచ్చాక ఆ ఖర్చు బాగా తగ్గింది.

ఈ ప్రాంతం వారికి వైద్యం అందని దూరంలో లేదు. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఉంది. 1987లో హైదరాబాదులో మొదలైన ఆ సంస్థ వ్యవస్థాపకుడు డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గుంటూరు మెడికల్ కాలేజీ విద్యార్థే. అయితే కూలీకి ఒక రోజు కన్ను చూపించుకోవడమంటే ఆ రోజు కూలి పోవడమే. కోతల కాలంలో అది మరీ కష్టం. యువైటిస్ ఉన్నవారు మాత్రం ఎరుపు తగ్గినా ఒత్తిడి కొలిపించుకోవడం మానకూడదు. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న కంటి చుక్కల సీసాలన్నీ, ఖాళీవి సైతం, సంచిలో వేసుకుపోతే డాక్టరుకు సగం సంగతి అక్కడే తెలుస్తుంది.