బ్రౌజరు రంధ్రములు – ప్రజాకార్యాలయములు

విశాఖపట్టణమున సీతమ్మధార పి.అండ్.టి. కాలనీయందు తూర్పుప్రాంత విద్యుత్పంపిణీసంస్థ ప్రధానకార్యాలయము కలదు. శ్రీకాకుళము మొదలు గోదావరీతీరమువఱకు ఇంటింటి దీపపు లెక్క ఆ సంస్థదే. 2019వ సంవత్సరమున ఈ సంస్థయు, ఉభయ తెలుగురాష్ట్రములలోని సోదరసంస్థలును రాన్సమ్‌వేరు వాతబడగా వాని వెబ్‌సైటులు స్తంభించినవి. అంతకు రెండేండ్లు ముందు, 2017 మే 12వ తేదీన లోకమును కుదిపిన వానాక్రై మన పోలీసుశాఖ కంప్యూటరులను గూడ పట్టినది. విశాఖపట్టణము జిల్లావియు వానిలో నుండెను.

వానాక్రై దూరిన రంధ్ర మెట్టిది? విండోసులో ఫైళ్లను పంచుకొను భాగమొకటి తనకు వచ్చిన సందేశపు పరిమాణమును తప్పుగా లెక్కించి, కేటాయించిన హద్దు దాటి జ్ఞాపకస్థానమున వ్రాసెడిది. ఆ భాగము యంత్రపు అంతఃపురమనదగిన కెర్నెలులో పనిచేయునది గాన, దొంగకు అడుగిడినతోడనే సర్వాధికారము సంక్రమించినది. మరమ్మతు మార్చి 14వ తేదీననే వెలువడెను. దానిని వేసికొననివారే మునిగిరి.

ఈ జాతి దోషములే నేడు బ్రౌజరులను పీడించుచున్నవి. సత్రమునం దొక బాటసారి గది ఖాళీచేసి పోయెననుకొందము. గుమాస్తా ఆ గదిని మఱియొకనికి ఇచ్చెను. కాని మొదటివాని తాళపుచెవిని తిరిగి పుచ్చుకొనలేదు. వాడు అర్ధరాత్రమున వచ్చి తలుపు తెఱచిన నేమగును? విడిచిపెట్టిన జ్ఞాపకస్థానమును బ్రౌజరు మరల వాడుకొనుట యిట్టిదే. 2010 జనవరిలో గూగులుసంస్థ తనపై జరిగినదని బయటపెట్టిన దాడిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునందలి యీ విధమైన లోపమే సాధనమైనది. క్రోమునందలి తీవ్రలోపములలో నూటికి సుమారు 70 జ్ఞాపకదోషములేయని 2020లో దాని నిర్మాతలే ప్రకటించిరి. అంతకు ముందేడు మైక్రోసాఫ్టువారును తమ లోపములను గూర్చి యించుమించుగా ఆ లెక్కనే చెప్పిరి.

గది తెఱచుట యొక యెత్తు, సత్రమంతయు ఏలుట యొక యెత్తు. అందుకే 2008లో పుట్టిన క్రోము, పేజీలను నడుపు భాగమును ఇంటిలోనికి రానీయక అరుగుమీదనే కూర్చుండబెట్టినది. దొంగ అరుగు దాటవలెనన్న రెండవ లోపము కావలెను. ఆ రెండవదానినే అధికారదోష మందురు. బంట్రోతు చేత కలెక్టరు మొహరు చిక్కుట వంటిది.

ప్లగినుల చరిత్ర మఱింత విచిత్రము. అరుగు కట్టి, దానిప్రక్కనే దొడ్డితలుపు తెఱచి యుంచితిమి! యాక్టివ్ ఎక్స్ భాగములు సాధారణముగా వాడుకరికిగల సమస్తాధికారములతో నడచెడివి. జావా ఆప్లెట్టులు సంతకముండి, వాడుకరి ఒప్పుకొన్నచో అట్లే నడచెడివి. మన దేశమున ప్రభుత్వపు టెండరు వేయు కంట్రాక్టరు డిజిటల్ సంతకమునకై జావాను పెట్టుకొనక తప్పెడిది కాదు. క్రోము 2015లోను, ఫైర్‌ఫాక్సు 2017లోను పాత ప్లగినుల ద్వారమును మూసివేయగా, పాత సైటులను నమ్ముకొన్న కార్యాలయములు ప్లగినును మానుటకు బదులు పాత బ్రౌజరునే దాచుకొనినవి. ఈ తప్పు గుమాస్తాది కాదు; సైటు కట్టించి మఱచిన పైయధికారులది.

ఫ్లాషుకు 2020 డిసెంబరు 31తోను, ఎక్స్‌ప్లోరరునకు 2022 జూన్ 15తోను కాలము తీఱినది. అయినను రంధ్రములు పుట్టుచునే యున్నవి. సీ, సీ ప్లస్ ప్లస్ భాషలలో జ్ఞాపకపు హద్దులను కాచుభారము వ్రాయువానిదే. మొజిల్లావారు పోషించిన రస్టు భాష, 2015లో తొలి స్థిరరూపము దాల్చినది, అట్టి దోషములలో చాలభాగమును నిర్మాణవేళనే పట్టుకొనును. కాని కోట్లకొలది పంక్తులను తిరిగి వ్రాయుట ఒక్కనాటి పనియా?

2004 నుండి పనిచేయుచున్న సెర్ట్-ఇన్ సంస్థ బ్రౌజరులను గూర్చి తఱచుగా హెచ్చరికలు వెలువరించుచున్నది. మెచ్చదగినదే. కాని అవి ఆంగ్లసాంకేతికపరిభాషలో నుండును. బిల్లు కట్టించుకొను గుమాస్తాకు వానివలన తెలియునదేమి? బ్రౌజరును మూసి తెఱవుమను నొక్కమాటను తెనుగున అచ్చువేసి ప్రతి కౌంటరుకడ అంటించుటకు ఏ నిధులు కావలెను? పాత సైటులకొఱకై మైక్రోసాఫ్టువారు ఎడ్జులో నుంచిన ఎక్స్‌ప్లోరరు రూపమును కనీసము 2029 వఱకు కొనసాగింతుమని మాట యిచ్చియున్నారు. ఆలోపల తమ యే యే సైటులను తిరిగి కట్టింతురో, ఏ తేదీకి ముగింతురో ప్రభుత్వశాఖలు ఇప్పుడే ప్రకటింపవలయును.