పెరటి పాటగాడు - పిగిలిపిట్ట

పిల్లలూ! తెల్లవారేసరికి మీ పెరటి పొదల్లోంచి తేట గొంతుతో ఒక పిట్ట పలకడం విన్నారా? అదే పిగిలిపిట్ట. దీన్నే బుల్‌బుల్ అని కూడా అంటారు.

దీన్ని గుర్తుపట్టడం సులువు. పొడవు సుమారు 8 అంగుళాలు. తల నల్లగా ఉంటుంది. నెత్తిమీద చిన్న జుట్టు. గోధుమరంగు ఈకల అంచులు లేతగా ఉండటంచేత, ఒళ్లంతా చేపపొలుసులు పరచినట్టుంటుంది. తోక చివర తెలుపు. తోక అడుగున మాత్రం కుంకుమ అద్దినట్టు ఎరుపు! ఆడపిట్టా మగపిట్టా ఒక్కలాగే ఉంటాయి.

దట్టమైన అడవికంటె చిట్టడవులూ, తోటలూ, పెరళ్లూ దీనికి ఇష్టం. మర్రిపండ్లు, పూలతేనె, పురుగులు దీని ఆహారం. వాన వెలిశాక ఉసిళ్లు లేస్తే గాలిలోనే పట్టి తింటుంది. పండు తిని, గింజను ఎక్కడో రెట్టతో వేస్తుంది. అక్కడొక మొక్క లేస్తుంది. జీతం పుచ్చుకోని తోటమాలి అన్నమాట! అయితే ఈ తోటమాలికి మంచిచెడ్డలు తెలియవు. లాంటానా కంప గింజలనూ అలాగే చల్లుతుంది.

సన్నని పుల్లలతో, వేళ్లతో పొదల్లో దొప్పవంటి గూడు కట్టి, 2 లేక 3 గుడ్లు పెడుతుంది. సుమారు 14 రోజులకు పిల్లలవుతాయి. కాకి గూటిలో కోకిల గుడ్డు పెట్టినట్టే, దీని గూటిలో చాతకపక్షి గుడ్డు పెట్టిపోతుంది. పాపం, ఆ పరాయి పిల్లనూ ఇదే మేపుతుంది.

నేను బడిలో పనిచేసే రోజుల్లో, గాలివాన వెలిశాక ఒక కుర్రవాడు ఈకలు రాని పిగిలిపిల్లను చొక్కాలో దాచి తెచ్చాడు.

"కంచె కింద పడి ఉందండీ. పెంచుకుంటాను, మాస్టారూ!"

"దాని తల్లి వెతుక్కోదటరా?"

వాడి ముఖం చిన్నబోయింది. "మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక ముట్టదటగా?"

అది వట్టిమాట అని చెప్పాను. ఇద్దరం వెళ్లి పిల్లను గూటిలో ఉంచి, దూరంగా వరండాలో నిలబడ్డాము. ఎంతసేపటికీ పిట్ట జాడ లేదు. నాకే బెంగ పట్టుకుంది. ఇంతలో పచ్చని పురుగును ముక్కున కరచుకొని తల్లో తండ్రో వచ్చి గూటిమీద వాలింది.

"వచ్చిందండీ!" అంటూ వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పిగిలిపిట్టను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడాను. కనుక గూడు కనిపిస్తే దూరంనుంచే చూడండి. ఏనాడు గుడ్లు పెట్టింది, ఎన్నాళ్లకు పిల్లలయ్యాయి, వాటికి ఏమేమి తెచ్చిపెట్టింది - అన్నీ పుస్తకంలో రాసుకోండి. అమ్మానాన్నలకు చదివి వినిపించండి.