హెచ్చరిక చెప్పవలసిన మాట

నేడు బ్యాంకు పద్దులూ, రైలు టిక్కెట్లూ, ఆసుపత్రి వివరాలూ డేటాబేస్ అనే సాఫ్ట్‌వేర్ సంరక్షణలో వున్నవి. దాని పనికి సర్వరులో మెమరీ అవసరం. కొట్టులో సరకులెన్ని వున్నా గట్టుపై చోటు లేనిదే వంట సాగదు. మెమరీ అటువంటి గట్టు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసును తీసుకొందాము. పని మధ్యలో మెమరీ నిండుకొంటే, యంత్రాన్ని నడిపే లినక్స్ కెర్నెల్, తక్కినవాటిని నిలబెట్టడానికి ఏదో ఒక ప్రాసెస్‌ను బలి ఇస్తుంది. ఆ వేటు పోస్ట్‌గ్రెస్‌కు చెందిన ఒక్క ప్రాసెస్‌పై పడినా, దాని కనెక్షన్లన్నీ తెగిపోతవి. దాని లాగ్ ఫైలులో మాత్రం '9వ సిగ్నల్‌తో ముగిసినది' అని వుంటుంది. చంపినదెవరో, ఎందుకో అందులో వుండదు. ఆ సంగతి కెర్నెల్ లాగ్‌లో వేరుగా వెదకవలసినదే. కారణం తెలియనంతకాలం ఈ అంతరాయం మళ్ళీ మళ్ళీ రావచ్చు. ఆసుపత్రి కౌంటరు వద్ద రోగులు నిరీక్షించవలసి రావచ్చు.

లినక్స్‌లో ఓవర్‌కమిట్ అమరికను 2గా వుంచితే, కెర్నెల్ చాలవరకు చంపడానికి బదులు ముందే నిరాకరిస్తుంది. అప్పుడు 'మెమరీ చాలలేదు' అని పోస్ట్‌గ్రెస్ స్వయంగా చెబుతుంది. ఎన్ని బైట్లు అడిగినదో కూడా తెలుపుతుంది. సాధారణంగా ఆగేది ఆ ఒక్క ప్రశ్నే.

ఎంత కావాలి, ఎంత వున్నది, ఏ అమరికను తగ్గించాలి: ఈ మూడూ చెప్పేదే మేలైన హెచ్చరిక. అదీ ఇల్లు కాలకముందే చెప్పాలి.