పొడవైన ఫైలు పేర్లు, ఎనభై గడుల తెర

కమలాపురం తాలూకా పేరు తెలుగు భాషాచరిత్ర చదివినవారికి కొత్తది కాదు. తొలి తెలుగు శాసనంగా పండితులలో ఎక్కువమంది అంగీకరించిన కలమళ్ళ శాసనం, రేనాటి చోళుల కాలానికే చెందిన ఎర్రగుడిపాడు శాసనం నాటి కమలాపురం తాలూకాలో దొరికినవే. 19వ శతాబ్ది ఆరంభంలో కాలిన్ మెకంజీ తన సిబ్బందిచేత సేకరింపజేసిన గ్రామ వృత్తాంతాలలో, అంటే కైఫీయతులలో, కడప ప్రాంతపు ఊళ్ళవి ఎన్నో ఉన్నాయి. వాటికి ప్రతులు రాయించి కాపాడిన సి.పి. బ్రౌన్ పేరిట కడపలో భాషాపరిశోధన కేంద్రం నడుస్తున్నది. ఇటువంటి సామగ్రిని ఫొటోలుగా, పీడీఎఫ్‌లుగా కంప్యూటరులోకి ఎక్కించే ఎవరైనా, ఏ పత్రం ఎక్కడిదో తరవాతివారికి తెలియాలన్న మంచి ఉద్దేశంతో జిల్లా, తాలూకా, పత్రం రకం, ఊరు అన్నీ ఫైలు పేరులోనే చేరుస్తారు. పేరు ఎంత వివరంగా ఉంటే అంత మేలన్న ఆ ఆలోచన సరైనదే అయినా, అటువంటి పేర్లు 40 ఒకచోట చేరినప్పుడు వాటి జాబితాను తెరమీద చదవడమే కష్టమవుతుంది.

ఈ కష్టం అన్నిటికంటె స్పష్టంగా కనబడేది కమాండ్ లైన్‌లో. కమాండ్ లైన్ అంటే బొమ్మలు, మౌసు లేకుండా ఆజ్ఞను అక్షరాలలో టైపు చేసి, జవాబును కూడా అక్షరాలలోనే అందుకునే పద్ధతి. అది జరిగే కిటికీని టెర్మినల్ అంటారు. టెర్మినల్ తెర సమానమైన గడులుగా విభజించి ఉంటుంది, ఇంగ్లీషు అక్షరమైతే ఒక్కో గడిలో ఒక్కటి నిలుస్తుంది. ఐబీఎం సంస్థ 1928లో ప్రవేశపెట్టిన చిల్లుల కార్డుమీద 80 నిలువు వరుసలుండగా, 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ కూడా అదే వెడల్పును పాటించి, 80 గడుల అడ్డవరుసలు 24 చూపింది. నేటి లినక్సు ఆపరేటింగ్ సిస్టములో కొత్త టెర్మినల్ తెరిచినా సాధారణంగా ఎదురయ్యేది ఆ కొలతే.

ఫైళ్ళను ఉంచే అరను డైరెక్టరీ అంటారు, అందులో ఏమున్నదో చూపే ఆజ్ఞ ఎల్ఎస్. లినక్సుకు నమూనా అయిన యునిక్స్ పుట్టిన తొలినాళ్ళలో ఒక ఫైలు పేరుకు 14 బైట్లు (ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు) మించి చోటు ఉండేది కాదు కనుక జాబితా ఎలా పేర్చాలన్న ప్రశ్న పెద్దది కాదు. 1983లో వచ్చిన బర్కిలీ యునిక్స్ 4.2 పేరు పొడవును 255 బైట్లకు పెంచిన తరవాత తెర వెడల్పును పొదుపుగా వాడవలసిన అవసరం మరింత గట్టిగా ఏర్పడింది.

ఎల్ఎస్ చేసే లెక్క వినడానికి చిన్నదే కాని, ఎవరు రాసిన ఎల్ఎస్ అన్నదానిమీద ఫలితం చాలా మారుతుంది. బర్కిలీ సంప్రదాయంలో రాసినది, నేటి మాక్ కంప్యూటర్లలో ఉన్నది, డైరెక్టరీలోని పేర్లన్నిటిలో అతి పొడవైనదాన్ని చూసి, ఆ వెడల్పునే ఎనిమిది గడుల మెట్టుకు పెంచి, అన్ని నిలువు వరుసలకూ అదే ఇస్తుంది. లినక్సులో వాడే గ్నూ ఎల్ఎస్ అలా కాక, ఒక వరుస, రెండు వరుసలు, మూడు వరుసలు అంటూ వీలైన అమరికలన్నీ మనసులో పేర్చి చూసి, ఏ వరుసకు ఆ వరుసలోని పొడవైన పేరును బట్టి వెడల్పు కేటాయించి, వరుసకూ వరుసకూ మధ్య రెండు గడుల ఖాళీ వదిలి, తెరలో ఇమిడే అమరికలలో ఎక్కువ వరుసలున్నదాన్ని ఎంచుకుంటుంది. ఒక డైరెక్టరీలో 8 గడుల పేర్లు 39, 37 గడుల పేరు ఒక్కటి ఉన్నాయనుకుంటే, మొదటి పద్ధతిలో ఆ ఒక్క పేరు మూలంగా వరుసలు రెండే వచ్చి జాబితా 20 పంక్తులు పడుతుంది. రెండో పద్ధతిలో పొడవైన పేరు తానున్న వరుసను మాత్రమే వెడల్పు చేస్తుంది కనుక అయిదు వరుసలు కుదిరి 8 పంక్తులతో పని ముగుస్తుంది.

అయితే పేర్లన్నీ పొడవైనవే అయినప్పుడు ఈ నేర్పు అక్కరకు రాదు. ‘కడప జిల్లా కమలాపురం తాలూకా కైఫీయతులు’ అన్న మాటలతో మొదలై చివర ఊరి పేరు వచ్చే ఫైళ్ళు 40 ఉన్నాయనుకుందాం. టెర్మినల్ లెక్కలో ఈ ముందుభాగం 28 గడులు, తరవాతి ఖాళీ ఒకటి, ‘ఎర్రగుడిపాడు’ 9 గడులు, మొత్తం 38. మిగిలిన పేర్లూ ఇంచుమించు ఇంతే అయితే తెరమీద రెండు వరుసలే పడతాయి, వాటిలో చదువరికి కావలసిన ఊరి పేరు నాలుగో వంతు కూడా ఉండదు, తక్కినదంతా 40 సార్లు వల్లించిన ఒకే మాట.

దీనికి తోడు 2016లో వచ్చిన ఒక మార్పు ఉన్నది. గ్నూ ఎల్ఎస్ ఆ ఏడాదినుంచి, పేరులో ఖాళీ ఉంటే ఆ పేరును కొటేషన్ గుర్తుల మధ్య చూపుతున్నది. ఖాళీ ఎక్కడ పేరులో భాగమో, ఎక్కడ రెండు పేర్ల మధ్య ఎడమో తెలియడానికి అది మంచి ఏర్పాటే. కాని రెండు గుర్తులు చేరి 38 గడుల పేరు 40 అయితే, రెండు వరుసలూ మధ్య ఖాళీ కలిపి 82 అవుతుంది, అది 80 గడుల తెరలో ఇమడదు కనుక జాబితా ఒకే వరుసకు కుంచించుకుపోయి 40 పంక్తులై, 24 పంక్తుల తెరను దాటి పైకి పోతుంది. ఆజ్ఞ వెనుక చిన్న గీత పెట్టి రాసే అదనపు అక్షరాన్ని ఆప్షన్ అంటారు. ఎల్ఎస్‌కు పెద్ద ఎన్ అనే ఆప్షన్ ఇస్తే ఆ గుర్తులు పోతాయి. పేర్లలో ఖాళీలకు బదులు అండర్‌స్కోర్ అనే అడుగు గీత వాడినా గుర్తుల అవసరం రాదు, రెండు వరుసలూ నిలుస్తాయి.

అసలైన పొదుపు మాత్రం పేర్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని పేర్లలోనుంచి తీసి డైరెక్టరీకి ఇవ్వడంలో ఉన్నది. కడప జిల్లా అనే డైరెక్టరీలో కమలాపురం తాలూకా, దానిలో కైఫీయతులు అన్న డైరెక్టరీ ఏర్పరచి, ఫైలుకు ఊరి పేరు మాత్రమే పెడితే, 9 గడుల పేర్లు ఏడు వరుసలుగా పరుచుకుని, కొటేషన్ గుర్తుల అవసరం కూడా లేకుండా, 40 ఊళ్ళూ 6 పంక్తులలో కనబడతాయి. ఏ ఆప్షనూ ఇవ్వలేని, ఆరింతలకు మించిన ఆదా ఇది.

పేర్లు మార్చే అధికారం చదువరికి లేని సందర్భాలు కూడా ఉంటాయి. తెలుగు పుస్తకాలు దింపుకునేవారికి బాగా తెలిసిన భారత డిజిటల్ లైబ్రరీ ఇందుకు చక్కని ఉదాహరణ. తెలుగువాడైన రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల ప్రణాళికలో భాగంగా స్కాన్ అయి, తరవాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన ఆ పుస్తకాల గుర్తింపు పేర్లు ‘ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015 డాట్’ అని మొదలవుతాయి. ఇంగ్లీషు లిపిలో ఈ ముందుభాగమే 18 గడులు, ఆ వెనుక పుస్తకం సంఖ్య వస్తుంది. ఇటువంటిచోట ఫైళ్ళను తాకకుండా జాబితాను మాత్రమే పొట్టి చేసుకోవచ్చు. ఒక ఆజ్ఞ ఇచ్చిన జవాబును మరొక ఆజ్ఞకు అందించే ఏర్పాటును పైపు అంటారు. ఎల్ఎస్ జవాబును పైపు ద్వారా సెడ్ అనే ఆజ్ఞకు పంపి, ప్రతి పంక్తి మొదట ఉన్న ఉమ్మడి భాగాన్ని తుడిపించి, మిగిలినదాన్ని కాలమ్ అనే ఆజ్ఞకు ఇస్తే అది మళ్ళీ వరుసలుగా పేరుస్తుంది. ఈ చివరి మెట్టు తప్పనిసరి, ఎందుకంటే తన జవాబు తెరకు కాక పైపుకు పోతున్నదని గ్రహించిన ఎల్ఎస్ వరుసలు మాని పంక్తికి ఒక్క పేరే ఇస్తుంది.

పేరును కత్తిరించి చూపడం మరొక మార్గం. గ్నూ ఎల్ఎస్ ఆ పని చేయదు, చేయకపోవడమే మంచిది, ఎందుకంటే ఎక్కడ కత్తిరించాలన్నది పేర్ల స్వభావాన్ని బట్టి ఉంటుంది. 1995నాటి విండోస్, పొడవైన పేరున్న ప్రతి ఫైలుకూ పాత ప్రోగ్రాముల కోసం ఒక పొట్టి మారుపేరు పెట్టేది. పేరులో మొదటి ఆరు అక్షరాలు ఉంచి, వెనుక ఒక అలగీత, ఒక అంకె చేర్చేది. కడపకు ఇంగ్లీషువారు రాసిన పాత స్పెల్లింగుతో మొదలయ్యే ఫైళ్ళకు ఆ పద్ధతిలో ‘సి యు డి డి ఎ పి ~1’, ‘సి యు డి డి ఎ పి ~2’ అన్న పేర్లు వస్తాయి, వాటిని చూసి ఏది ప్రొద్దుటూరో ఏది పులివెందులో ఎవరూ చెప్పలేరు. పేర్ల మధ్య తేడా చివర ఉన్నప్పుడు చివర కత్తిరించడం తేడానే కత్తిరించడమవుతుంది. అందుకే మాక్ కంప్యూటరులోని ఫైండర్ పొడవైన పేరు మధ్యభాగాన్ని చుక్కలతో మింగి, మొదలునూ చివరనూ నిలుపుతుంది.

ఇంతవరకు గడుల లెక్క చెప్పినా, తెలుగు పేరుకు గడులెన్ని అన్నది తేలికైన ప్రశ్న కాదు, తెలుగు వాడుకరులకు ఈ విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. యూనికోడ్‌లో తెలుగు హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు వేరొక సంకేతం, పొల్లుకు మరొకటి, సున్నకు మరొకటి ఉన్నాయి. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ప్రతిదీ మూడు బైట్లు పడుతుంది. కమలాపురం అన్న పేరు కంటికి అయిదు అక్షరాలు, యూనికోడ్‌కు ఎనిమిది సంకేతాలు, డిస్కుమీద 24 బైట్లు, టెర్మినల్ లెక్కలో ఏడు గడులు. హల్లు నెత్తిన కూర్చునే దీర్ఘపు గుర్తుకు గడి లేదు, కుడి పక్కకు సాగే కొమ్ముకూ సున్నకూ ఒక్కో గడి. ప్రొద్దుటూరు కంటికి నాలుగే అక్షరాలు, కాని కింద ఒదిగే వత్తులకు కూడా హల్లుకిచ్చినట్టే ఒక్కో గడి ఇవ్వడంవల్ల లెక్క తొమ్మిదికి చేరుతుంది. కేటాయించిన గడులకూ గీసిన అక్షరాలకూ పొంతన లేకపోవడంతో, ఎల్ఎస్ తన లెక్కలో తిన్నగా పేర్చిన వరుసలు తెలుగు పేర్లున్న డైరెక్టరీలో వంకరటింకరగా కనబడతాయి. ఇది ఎల్ఎస్ తప్పు కాదు. అక్షరానికి ఒక గడి అన్న భావన తెలుగు రాతకు సరిపడకపోవడమే కారణం, దానికి పూర్తి పరిష్కారం టెర్మినళ్ళు రాసేవారు భారతీయ లిపులను పట్టించుకున్నప్పుడే వస్తుంది.

బైట్ల లెక్క మరింత కఠినమైనది. లినక్సులో విరివిగా వాడే ఈఎక్స్‌టీ4 అమరికలో ఒక పేరు 255 బైట్లు మించరాదు, అంటే ఖాళీలు లేని తెలుగు పేరుకు 85 సంకేతాలే హద్దు. పైన చెప్పిన కైఫీయతుల ముందుభాగం ఒక్కటే సరిగ్గా 100 బైట్లు తింటుంది. పాత యునిక్స్ 14 బైట్ల అరలో నేటి యూటీఎఫ్-8ను పెడితే ‘కమలా’ వరకే పట్టి, ‘పురం’ బయట ఉండిపోయేది. అందువల్ల తెలుగు పేర్లను పొట్టి చేసే ప్రోగ్రాము ఏదైనా బైట్లను లెక్కించి కోయకూడదు. మూడు బైట్ల మధ్యలో కోస్తే అర్థంలేని గుర్తు మిగులుతుంది, పొల్లు తరవాత కోస్తే ‘ప్రొ’ కాస్తా ‘ప్’ అవుతుంది.

వివరాలన్నీ డైరెక్టరీలకు అప్పగించడంలో ఒక ఇబ్బంది లేకపోలేదు. డైరెక్టరీలోనుంచి విడదీసి ఎవరికైనా పంపిన ‘ఎర్రగుడిపాడు’ అన్న ఫైలు ఏ తాలూకాదో, కైఫీయతో శాసనమో చెప్పలేదు. పొడవైన పేర్లు పెట్టేవారి పట్టుదలకు మూలం ఈ భయమే, అది నిర్హేతుకం కాదు. కాని పేరులో ఇమిడ్చిన వివరం కూడా శాశ్వతం కాదు. తాలూకాల స్థానంలో 1985లో మండలాలు వచ్చాయి, జిల్లా పేరు ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది, 2010లో వైఎస్సార్ పేరు చేరింది. ప్రతిసారీ వందల ఫైళ్ళ పేర్లు సవరించడం కంటె ఒక్క డైరెక్టరీ పేరు సవరించడం సులువు. బయటికి పంపవలసినప్పుడు ఫైళ్ళను విడివిడిగా కాక టార్ అనే ఆజ్ఞతో ఒక మూటగా కట్టి పంపితే డైరెక్టరీల వరుస అంతా ఆ మూటలో అలాగే నిలుస్తుంది, అవతలివారు విప్పుకున్నప్పుడు కడప జిల్లా, కమలాపురం తాలూకా, కైఫీయతులు అన్న అరలు వాటంతట అవే ఏర్పడతాయి. ఫైలు ఒంటరిగా వెళ్ళక తప్పనిచోట, పీడీఎఫ్ లోపల శీర్షికకూ విషయానికీ ఉన్న గడులను నింపి ఉంచితే పేరు ఎంత పొట్టిదైనా వివరం ఫైలుతోనే ప్రయాణిస్తుంది.